తాళంచెవి ఎవరి దగ్గర?

మా ఇళ్ళల్లో వృద్ధాశ్రమం అన్న మాటని ఎక్కువగా దెప్పడానికే వాడతారు. కాఫీ ఆలస్యమైనా, కొడుకు ఫోన్ ఎత్తకపోయినా, "ఎందుకురా మీకీ బాధంతా, తీసుకెళ్ళి ఆశ్రమంలో పడేయండి" అంటారు. 'చేర్పించండి' అనగా నేనెప్పుడూ వినలేదు. పడేయడమే. ఆ మాటకున్న బరువు వ్యాపారం చేసేవాళ్ళకి బాగా తెలుసు. అందుకే దాని జోలికి పోరు. సీనియర్ లివింగ్ అంటారు, రిటైర్‌మెంట్ కమ్యూనిటీ అంటారు, యాక్టివ్ ఏజింగ్ అంటారు. బ్రోషర్ నిండా నెరిసిన జుట్లు, నవ్వు ముఖాలు, పచ్చగడ్డి మీద యోగా చాపలు.

ఏడాదిన్నరగా ఇలాంటి బ్రోషర్లు నా ఫోన్లో 'అమ్మ' అనే ఫోల్డర్‌లో చేరుతున్నాయి.

అమ్మకి 73. నాన్న పోయి నాలుగేళ్ళు. తెనాలి మారిస్‌పేటలో ఇల్లు, నాన్న టీచరు ఉద్యోగం తాలూకు ఫ్యామిలీ పెన్షన్, పెరట్లో కరివేపాకు చెట్టు. అన్నయ్య డల్లాస్‌లో. నేను హైదరాబాద్ ప్రగతి నగర్‌లో, ఆఫీసు మాదాపూర్‌లో. పోయినేడు ఒక తెల్లవారుజామున అమ్మ బాత్‌రూమ్‌లో జారి పడింది. మణికట్టు విరిగింది. ఫోనేమో వంటింట్లో ఉంది. గుమ్మంలో పాలపాకెట్ తొమ్మిదైనా అలాగే ఉండటం చూసి పక్కింటావిడ తలుపు తట్టింది. పడింది ఐదున్నరకి. ఆ మూడున్నర గంటల గురించి అమ్మ నాతో ఇంతవరకూ ఒకే ఒక్క ముక్క చెప్పింది: "గచ్చు చల్లగా ఉందే."

వార్ధక్యం అనగానే మన తరానికి గుర్తొచ్చేది 'మిథునం'. శ్రీరమణ కథ, దాన్ని 2012లో తనికెళ్ళ భరణి సినిమా తీశారు. పెరడు, ఆవు, అరిటాకు, ఇద్దరు ముసలివాళ్ళ సరసం. చివరికి ఆయన పోతాడు, ఆవిడ మిగులుతుంది. ఆవిడ ఆ తర్వాత ఆ పెరట్లో ఎలా బతికిందన్నది కథకి అక్కర్లేదు. నాకు కావలసింది సరిగ్గా అదే.

అమ్మని నా దగ్గరికి తెచ్చేసుకోవచ్చు కదా అని అందరూ అడిగారు. మా త్రీ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో అత్తయ్యగారు, మామయ్యగారు ఆరేళ్ళ నుంచీ ఉంటున్నారు. అత్తయ్యగారే స్వయంగా ఫోన్ చేసి "వదినగారూ, వచ్చేయండి, ఇద్దరం కలిసి సీరియల్ చూసుకుందాం" అన్నారు. చేతికి కట్టుతో అమ్మ మా ఇంట్లో రెండు నెలలుంది. కట్టు విప్పగానే వెళ్ళిపోతానంది. ఎందుకని అడిగితే, "ఆవిడ వంటింట్లో కాఫీ పెట్టుకోవాలంటే అడగాలి. ఆవిడ కాదనదు. నాకు అడగడమే కష్టం" అంది. అన్నయ్య దగ్గర అంతకుముందే ఆర్నెల్లు ఉండొచ్చింది. కారు లేనిదే గేటు దాటలేని ఊళ్ళో ఇంకోసారి ఉండనని తేల్చేసింది.

అలా మొదలైంది తిరగడం.

తిరిగాక తెలిసిందేమిటంటే, సీనియర్ లివింగ్ అన్న ఒక్క మాట కింద నాలుగు వేరువేరు సరుకులు అమ్ముతున్నారు. మొదటిది ఇండిపెండెంట్ లివింగ్: మన ఫ్లాట్ మనది, వండుకోవచ్చు లేదా కింద భోజనశాలలో తినొచ్చు, బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీలు, మంచం పక్కన పిలుపు గంట, ఆవరణలో చిన్న క్లినిక్, గుడికీ బజారుకీ వ్యాను. రెండోది అసిస్టెడ్ లివింగ్: స్నానానికి, బట్టలు కట్టుకోవడానికి, మందులు వేళకి వేసుకోవడానికి ఒక మనిషి సాయం. మూడోది మెమరీ కేర్: డిమెన్షియా వచ్చినవాళ్ళకి. నాలుగోది నర్సింగ్: మంచం పట్టినవాళ్ళకి. బ్రోషర్లో బొమ్మలన్నీ మొదటిదానివి. పిల్లలకుండే భయమంతా మిగతా మూడింటి గురించి. మొదటిది కొనేటప్పుడు మిగతా మూడూ అదే గేటు లోపల ఉన్నాయా, ఉంటే వాటిలో చోటు దొరుకుతుందన్న హామీ ఉందా అని అడిగితే, చూపించడానికి వచ్చిన కుర్రాడు సాధారణంగా "ఫేజ్ టూలో వస్తుంది మేడమ్" అంటాడు.

ఈ వ్యాపారం మనకి మరీ కొత్తదేం కాదు. కోయంబత్తూరు దీనికి పేరుబడ్డ ఊరు. పుణేలో పరాంజపే వాళ్ళ అథశ్రీ, ఢిల్లీ దగ్గర భివాడీలో ఆషియానా వాళ్ళ ఉత్సవ్ చాలా ఏళ్ళుగా నడుస్తున్నాయి. హైదరాబాద్‌లో సాకేత్ వాళ్ళ ప్రణామం ఉంది. అవసరం ఎంతుందో చెప్పడానికి ఒక లెక్క చాలు: ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో ఇచ్చిన ఇండియా ఏజింగ్ రిపోర్ట్ ప్రకారం 2022లో దేశంలో 60 దాటినవాళ్ళు 14.9 కోట్లు, 2050కి 34.7 కోట్లు అవుతారు. అంటే ప్రతి ఐదుగురిలో ఒకరు. ఇది చదువుతున్న మీలో చాలామంది ఆ లెక్కలోనే ఉంటారు. నేనూ ఉంటాను.

కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లో రిటైర్‌మెంట్ హోమ్స్‌కి నమూనా మార్గదర్శకాలు విడుదల చేసింది. ర్యాంపులు, వెడల్పు తలుపులు, జారని గచ్చు, అత్యవసర వైద్యం, నివాసితుల హక్కులు అన్నీ అందులో ఉన్నాయి. కానీ అది నమూనా. రాష్ట్రాలు తమ నిబంధనల్లోకి తెచ్చుకుంటేనే దానికి పళ్ళు వస్తాయి. రెరా చట్టం ఫ్లాట్ చదరపుటడుగుల్ని కొలుస్తుంది. రాత్రి రెండింటికి గంట నొక్కితే మనిషి ఎన్ని నిమిషాల్లో వస్తాడో దానికి పట్టదు.

డబ్బు సంగతికొస్తే మూడు దారులు. ఫ్లాట్ కొనేసి నెలనెలా సేవల రుసుము కట్టడం, పెద్ద డిపాజిట్ పెట్టి నెలసరి కట్టడం, ఉత్త నెల అద్దె. డిపాజిట్ పద్ధతిలో "మీ డబ్బు మీకు తిరిగొస్తుంది" అన్న మాట వినడానికి హాయిగా ఉంటుంది. కాగితం మీద వేసి చూశాను. 30 లక్షల డిపాజిట్‌ని 7 శాతం వడ్డీకి బ్యాంకులో వేస్తే నెలకి 17,500 వస్తుంది. అంటే అది కనపడని అద్దె. పైన కట్టే నెలసరి రుసుము ఏటా 8 శాతం పెరిగితే తొమ్మిదేళ్ళలో రెట్టింపవుతుంది. పెన్షన్ ఆ వేగంతో పెరగదు. 73 ఏళ్ళ ఆరోగ్యవంతురాలికి తొమ్మిదేళ్ళు పెద్ద కాలమేం కాదు. ఎక్కువకాలం బతకడం ఆర్థికంగా ఒక ప్రమాదమని ఎక్సెల్ షీట్ నాకు చెప్తుంటే అమ్మ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

మూడు చోట్లకి అమ్మని తీసుకెళ్ళాను. రెండు ఔటర్ రింగ్ రోడ్డు అవతల, ఒకటి ఊళ్ళోనే, పాత ఇండిపెండెంట్ ఇంటిని మార్చినది. నేను అడగాలని రాసుకెళ్ళిన ప్రశ్నలు ఆంబులెన్స్, ఆక్సిజన్, డాక్టర్ ఎన్ని గంటలుంటాడు, జీఎస్టీ కలిపా కలపకా అన్నవి. అమ్మ అడిగినవి వేరు.

"గదిలో పొయ్యి పెట్టుకోవచ్చా బాబూ?"

"ఇండక్షన్ ఓకే అమ్మగారూ. గ్యాస్ కుదరదు."

"తాళంచెవి నా దగ్గరే ఉంటుందా?"

"ఒకటి మీ దగ్గర. మాస్టర్ కీ మా దగ్గరుంటుంది, మీ సేఫ్టీ కోసమే."

"లోపలికొచ్చేముందు తలుపు కొడతారా?"

ఆ అబ్బాయి నవ్వాడు. ఆ ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు. ఊళ్ళో ఉన్న మూడో చోట గదికి ఇద్దరు, తలుపులకి లోపల గడియల్లేవు. పడిపోతే తలుపు బద్దలు కొట్టాల్సి వస్తుందట, అందుకని తీసేశారు. కారణం సబబే. తిరిగొచ్చేటప్పుడు కారులో అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. మూసాపేట దాటాక అంది: "మంచం మీదున్న ఆవిడ చీర మార్చుకుంటోంది. కుర్రాడొచ్చి మంచినీళ్ళు పెట్టి వెళ్ళాడు. ఆవిడ కొంగు లాక్కోను కూడా లాక్కోలేదు. అలవాటైపోయింది."

నాకు అమెరికన్ డాక్టర్ అతుల్ గవాండే రాసిన 'బీయింగ్ మోర్టల్' గుర్తొచ్చింది. 2014లో వచ్చిన ఆ పుస్తకంలో కెరెన్ బ్రౌన్ విల్సన్ అనే ఆవిడ గురించి ఉంటుంది. అసిస్టెడ్ లివింగ్ అన్న ఆలోచనకి మూలం ఆవిడ. ఆవిడ తల్లికి 55 ఏళ్ళకే పక్షవాతం వచ్చి నర్సింగ్ హోమ్ పాలైంది. ఆ తల్లి కూతుర్ని అడిగింది కూడా పెద్ద కోరికలేం కాదు: ఒక చిన్న చోటు, సొంత వంటిల్లు, తన సామాను, తాళం వేసుకునే తలుపు. విల్సన్ 1983లో ఒరెగన్ రాష్ట్రం పోర్ట్‌లండ్‌లో పార్క్ ప్లేస్ పేరుతో 112 ఇళ్ళతో అలాంటిది కట్టింది. మంచాన పడ్డవాళ్ళకి తలుపు గడియలిస్తే చచ్చిపోతారని అప్పట్లో చాలామంది అభ్యంతరం చెప్పారు. ప్రభుత్వం వాళ్ళ ఆరోగ్యం మీద లెక్కలు తీయించింది. ఎవరి ఆరోగ్యమూ పాడవలేదు. కానీ అక్కడ అసలు కిటుకు ఇదీ: గదికి తాళం ఉంటే ఆ గది ఇల్లవుతుంది, లోపలికి వచ్చే నర్సు అతిథి అవుతుంది. తాళం లేకపోతే అదే గది వార్డు, అదే మనిషి పేషెంట్. ఆ తర్వాత అసిస్టెడ్ లివింగ్ అన్న పేరు లోకమంతా పాకింది, తాళం మాత్రం చాలాచోట్ల దారిలోనే పడిపోయింది. మా అమ్మ ఆ పుస్తకం చదవలేదు. తెనాలి నుంచి నేరుగా అదే ప్రశ్నకి వచ్చింది.

ఒక చోట ఒప్పందం నమూనా ఇంటికి పంపించారు. అమ్మకి చదివి తెలుగులో చెప్పాను. మొదటి దశ నుంచి రెండో దశకి, అంటే సొంత ఫ్లాట్ నుంచి అసిస్టెడ్ అంతస్తుకి ఎప్పుడు మారాలన్నది యాజమాన్యం నిర్ణయిస్తుందని ఒక వాక్యం ఉంది. అమ్మ అక్కడ ఆపింది. "నాకు మతి తప్పిందని చెప్పేది వాళ్ళా? ఆ పై అంతస్తుకి అద్దె ఎక్కువ కదా? ఎక్కువ అద్దె ఎవరికొస్తుందో వాళ్ళే నిర్ణయిస్తారా?" పద్దెనిమిదేళ్ళు కార్పొరేట్ కాంట్రాక్టులు చూస్తున్న మనిషిని నేను. ఆవిడ పదో తరగతి. ఆ వాక్యాన్ని ఇంతకన్నా బాగా నేను చదవలేను. మనిషి పోయాక డిపాజిట్ ఎన్నాళ్ళకి ఇస్తారని అడిగితే, ఆ గదికి కొత్తవాళ్ళు దొరికాక అన్నారు. గడువు రాయమంటే మెయిల్ రాలేదు.

ఇదంతా జరుగుతుండగా ప్రగతి నగర్‌ని నేను వేరే కళ్ళతో చూడ్డం మొదలుపెట్టాను. ఇది 2019 దాకా పంచాయతీ. ఆ ఏడు బాచుపల్లి, నిజాంపేటలతో కలిపి నిజాంపేట మున్సిపల్ కార్పొరేషన్ చేశారు. పొద్దున్న ఆరింటికి అంబీర్ చెరువు వైపు, పార్కుల వైపు వెళ్ళి చూడండి. మంకీ క్యాపులు, స్పోర్ట్స్ షూలు, చీరల మీద స్వెట్టర్లు. ఒక బెంచీ మీద కరీంనగర్ యాస, ఇంకోదాని మీద ఒంగోలు. షుగరు, వీసా ఇంటర్వ్యూలు, మనవరాలి స్కూలు బస్సు. తొమ్మిదింటికల్లా పిల్లలందరూ జేఎన్‌టీయూ జంక్షన్ మీదుగా హైటెక్ సిటీకి తరలిపోతారు. తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఈ ఊరు పెద్దవాళ్ళది, పనిమనుషులది, డెలివరీ కుర్రాళ్ళది. పేరు పెట్టలేదు గానీ ఇది పెద్ద సీనియర్ లివింగ్ కమ్యూనిటీయే.

దీనికి అమెరికాలో పేరు కూడా ఉంది. ఎవరూ ముసలివాళ్ళ కోసమని కట్టకుండానే ముసలివాళ్ళు ఎక్కువైపోయిన నివాసాల్ని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మైకేల్ హంట్ అనే పరిశోధకుడు 1980లలో నార్క్ అన్నాడు. సహజంగా ఏర్పడిన వృద్ధుల కాలనీ అని అర్థం. న్యూయార్క్‌లో పెన్ సౌత్ అని బట్టలు కుట్టే కార్మికుల యూనియన్ కట్టించిన సహకార అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. 1962లో పడుచువాళ్ళుగా చేరినవాళ్ళు అక్కడే ముసలివాళ్ళయ్యారు. 1986లో ఆ సొసైటీ వాళ్ళని ఎక్కడికో పంపించే బదులు సోషల్ వర్కర్లనీ నర్సులనీ ఆవరణలోకే తెచ్చింది. ఇరుగుపొరుగు ఎలాగూ ఉన్నారు. సంరక్షణని అందరూ కలిసి పంచుకుని కొనుక్కున్నారు, అంతే.

మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగులో ఇదే అడిగాను. మా బ్లాకుల్లో అరవై దాటినవాళ్ళు ముప్ఫై మందికి తక్కువ ఉండరు. జిమ్‌కి కొత్త ట్రెడ్‌మిల్ కొంటున్నాం. ర్యాంపు పక్కన కడ్డీ, క్లబ్‌హౌస్ టాయిలెట్‌లో కడ్డీ, వారానికి రెండు రోజులు ఒక నర్సు, అంతే అన్నాను. ఎవరో వెనక నుంచి, "ఇదేమన్నా ఓల్డేజ్ హోమా అండీ? రీసేల్ వాల్యూ పోతుంది" అన్నారు. కొందరు నవ్వారు. వాళ్ళలో తల్లిదండ్రులు ఇంట్లో ఉన్నవాళ్ళూ ఉన్నారు. అదే మాట, అదే దెప్పు, ఇంగ్లీషులో. కడ్డీలు మంజూరయ్యాయి. నర్సు కాలేదు.

పార్కు బెంచీ మీద పరిచయమైన ఒక రిటైర్డ్ రెవెన్యూ ఉద్యోగి వల్ల అమ్మకి ఇంకో సంగతి తెలిసింది. తెనాలి ఇల్లు మాకు రాసిచ్చేస్తే ఖర్చంతా తను చూసుకుంటానని అన్నయ్య అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పోషణ కోసం ఆర్డీవో స్థాయి అధికారి నడిపే ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు, చట్టంలో రాసిన గరిష్ఠ పరిమితి నెలకి 10,000. దానిలో సెక్షన్ 23 ఉంది: చూసుకుంటారన్న షరతు మీద ఆస్తి రాసిచ్చి, వాళ్ళు చూసుకోకపోతే ఆ దస్తావేజు రద్దు చేయించుకోవచ్చు. షరతు దస్తావేజులో ఉందా లేదా అన్న దగ్గరే కేసులు తేలిపోతుంటాయి. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌కి చెందిన ఒక తల్లి కేసులో సుప్రీంకోర్టు ఆవిడ కొడుక్కిచ్చిన గిఫ్ట్ డీడ్ రద్దు చేసి, ఆస్తి తిరిగి ఆవిడకి అప్పగించమంది. అమ్మ ఇదంతా శ్రద్ధగా విని, "కేసు గెలిచిన తల్లికి కూడా కొడుకు లేకుండానే పోయాడుగా" అంది. ఇల్లు రాయలేదు. అద్దెకిచ్చింది. "రాసిచ్చాక అడగడం వేరు, రాయకముందు అడగడం వేరు. మీ మీద నమ్మకం లేక కాదు. అడిగేటప్పుడు నా గొంతు మారకూడదు."

పార్కుకి రెండు వీధుల అవతల, గ్రౌండ్ ఫ్లోర్‌లో ఒక సింగిల్ బెడ్‌రూమ్ ఇల్లు దొరికింది. బాత్‌రూమ్‌లో కడ్డీలు బిగించాం, జారని చాప వేశాం, మంచం నుంచి బాత్‌రూమ్ దాకా రాత్రిపూట దానంతటదే వెలిగే దీపాలు పెట్టాం. గ్యాస్ పొయ్యి ఉంది. పొద్దున రెండు గంటలు ఒక ఆయమ్మ వస్తుంది. ఇంటికొచ్చి చూసుకునే అన్వయా లాంటి సంస్థలు ఊళ్ళో ఉన్నాయి, నంబర్లు ఫ్రిజ్ మీద అంటించాను. దాని కిందే వృద్ధుల కోసం ప్రభుత్వం పెట్టిన ఎల్డర్‌లైన్ 14567. తాళంచెవులు మూడు. ఒకటి తనది, ఒకటి నాది, మూడోది ఎదురింటి జగిత్యాల ఆవిడ దగ్గర. ఆవిడా ఒంటరిదే. ఆవిడ తాళంచెవి మా అమ్మ దగ్గర. పొద్దున ఏడుకల్లా ఇద్దరూ ఒకరి గుమ్మం ఒకరు చూసుకుంటారు. పాలపాకెట్ లోపలికి వెళ్ళిందా లేదా అన్నదే గుర్తు.

"కూతురు పక్కనే ఉండి తల్లిని అద్దె కొంపలో పెట్టింది" అని మా చుట్టాల్లో అనుకున్నారు. అన్నయ్య నెల రోజులు ముభావంగా ఉన్నాడు. ఆదివారాలు మా ఇంటికి భోజనానికి రమ్మంటే ఇప్పుడు అమ్మ అత్తయ్యగారికి గోంగూర పచ్చడి పట్టుకుని చుట్టంలా వస్తుంది. ఇద్దరూ ఇప్పుడు నిజంగానే కలిసి సీరియల్ చూస్తున్నారు.

ఇది పరిష్కారం అనను. రాత్రుళ్ళున్నాయి. రెండో అంతస్తు, మూడో అంతస్తు ఎప్పుడో ఒకప్పుడు వస్తాయి. అది అమ్మకి నాకంటే బాగా తెలుసు. ఒక రూళ్ళ నోటుబుక్కులో తన షరతులు రాసింది. స్నానం సొంతంగా చేయలేనప్పుడు ముందు ఇంట్లోకే మనిషిని పెట్టాలి. రాత్రి మనిషి కూడా సరిపోనప్పుడే మార్చాలి. మార్చాలని చెప్పే డాక్టరు ఆ సంస్థ డాక్టరు కాకూడదు. గదికి లోపల గడియ ఉండాలి, బయట నుంచి తీసే వీలుంటే ఉండొచ్చు గానీ తలుపు కొట్టి రావాలి. ఆడమనిషే స్నానం చేయించాలి. నన్ను అడగండి, నేను చెప్పలేకపోతే ఈ పుస్తకాన్ని అడగండి. కింద సంతకం, తేదీ. దీనికి కోర్టులో విలువెంతో నాకు ముఖ్యం కాదు. మా ఇద్దరి మధ్య ఉంది.

చూసిన మూడింటిలో ఒకటి, గదికి గడియ ఉన్నది, నెల రోజులు ఉండి చూడమంటోంది. సంక్రాంతి వెళ్ళాక వెళ్తానని అమ్మే చెప్పింది. ఓపికున్నప్పుడే చూసుకోవాలట, ఓపిక పోయాక అయితే తీసుకెళ్ళడమే ఉంటుంది గానీ వెళ్ళడం ఉండదట. పెట్టెలో పెట్టుకునే వాటి జాబితా వేస్తోంది. మొదటిది కాఫీ ఫిల్టరు.